పుట్టకొక్కులు తర్వాత, ముందు గంగవాయిలి

ప్రశ్న: అక్కా నమస్తే. మేముండేది కొంపల్లి, సాఫ్ట్‌వేర్ జాబ్. వికారాబాద్ దగ్గర నాన్నగారి పేరు మీద రెండెకరాలుంది, ప్రతి వీకెండ్ పోతున్నాం. ఈ వానలకి గట్ల మీద, చెదపుట్ట పక్కన, మామిడి చెట్ల కింద రకరకాల పుట్టగొడుగులు వచ్చాయి. చిన్నప్పుడు నానమ్మ వండిన పుట్టకొక్కుల కూర రుచి ఇప్పటికీ మర్చిపోలేను, ఆమె లేదు ఇప్పుడు. ఫోన్లో యాప్ తో ఫోటో తీస్తే కొన్నిటికి తినొచ్చు అని వస్తోంది. ఉడికేటప్పుడు వెండి చెంచా వేస్తే నల్లబడకపోతే మంచివే అని పక్క పొలం ఆయన అన్నాడు. మా ఆవిడ మాత్రం ససేమిరా అంటోంది, పిల్లలు నాలుగేళ్ళవాడు ఒకడు, ఏడేళ్ళ పాప. అడవి ఆకుకూరలు కూడా నేర్చుకోవాలని ఉంది, ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి? కాలిఫోర్నియాలో ఉన్న మా బావమరిది వాళ్ళ దగ్గర చెట్ల కింద కూడా వస్తాయట, ఏరుకోవచ్చా అని అడుగుతున్నాడు. ఇంకోటి, నాన్నగారికి కిడ్నీలో రాళ్ళొచ్చి తగ్గాయి, ఈ ఆకులు ఆయన తినొచ్చా?

జవాబు: తమ్ముడూ, ఈ సీజన్ వరకు పుట్టగొడుగుల సంగతిలో మీ ఆవిడ మాటే విను. ఆకుకూరల దగ్గర మాత్రం నేను నీ పక్షం, ఈ ఆదివారమే మొదలెట్టొచ్చు. ఈ రెండిటినీ చాలామంది ఒకే గాటన కట్టేస్తారు, బయట ఊరికే దొరికేవే కదా అని, కానీ ప్రమాదం దగ్గరికొచ్చేసరికి రెండిటికీ పొంతనే లేదు. ఆకుకూరలో పొరపాటున ఇంకో కలుపు మొక్క వస్తే చాలాసార్లు చేదు తగులుతుంది, లేదా పీచుగా ఉంటుంది, నోట్లో పెట్టగానే తెలిసిపోయి పక్కన పెట్టేస్తాం. పుట్టగొడుగుల్లో అట్లా కాదు, ప్రాణం తీసే రకం కూడా కూరలో బానే ఉంటుంది, తిని బతికి బయటపడ్డవాళ్ళు రుచిగానే ఉందని చెప్పారు. నాలుక కాపాడని చోట కళ్ళకీ చేతికీ చాలా శిక్షణ కావాలి, అది ఒక్క వానాకాలంలో రాదు.

ఆ వెండి చెంచా సంగతి ఇక్కడే తేల్చేద్దాం. వెండి నల్లబడేది గంధకం తగిలితే, పుట్టగొడుగులో విషానికీ దానికీ సంబంధమే లేదు. ఇట్లాంటివే ఇంకా చాలా చెప్తారు, వెల్లుల్లి రెబ్బ వేస్తే రంగు మారాలి అని, బియ్యం ఎర్రబడాలి అని, పసుపు చింతపండు వేసి ఉడికిస్తే విషం విరిగిపోతుంది అని, పురుగు తిన్నదైతే మనకీ పర్లేదు అని, మొద్దు మీద మొలిచింది మంచిది నేల మీద మొలిచింది చెడ్డది అని. అన్నీ తప్పే, ఒక్కటి కూడా పనికిరాదు. నత్తలూ పురుగులూ హాయిగా తినే వాటిల్లో మనిషి కాలేయాన్ని పాడుచేసేవి ఉన్నాయి. ఆ పక్క పొలం ఆయన మంచి మనసుతోనే చెప్పుంటాడు, అయినా ఆయనకి కూడా ఈ మాట చెప్పు, ఆయనింట్లో కూడా పిల్లలుంటారు కదా.

యాప్ గురించి. ఫోటోలో పడేది పైన టోపీ, కాస్త కాడ. అసలు తేడా తెలిసేది మట్టి లోపల కాడ మొదట్లో, టోపీ కింద రేకుల్లో, అవి రాల్చే పొడి రంగులో, కోస్తే రంగు మారుతుందా లేదా అన్న దాంట్లో, వాసనలో. వీటిల్లో చాలా వరకు ఫోన్ చూడలేదు. అమనిటా అనే జాతిలో బాగా విషమున్నవి కొన్ని ఉన్నాయి, వాటి కాడ మొదట్లో గుడ్డు పెంకు చీలినట్టు ఒక తెల్లటి సంచి ఉంటుంది, అది మట్టిలోనే ఉండిపోతుంది, పైన పట్టుకుని పుటుక్కున తెంపితే ఆ సంచి కిందే మిగిలిపోయి నీ చేతిలోకి మామూలు తెల్ల పుట్టగొడుగు వస్తుంది. యాప్ అడగదు నిన్ను, తవ్వి చూశావా అని. ఏదో మొక్క పేరు తెలుసుకోవడానికి అది సరదాగా బానే ఉంటుంది, వండుకోవాలా వద్దా అని దాన్ని అడగొద్దు, ఎంత పర్సెంటేజ్ చూపించినా సరే.

ఇప్పుడు చెప్పేది నువ్వూ మీ ఆవిడా ఇద్దరూ కూర్చుని చదవండి, ఎందుకంటే ఇది పుట్టగొడుగులు ఏరని వాళ్ళకి కూడా ఎప్పుడో అవసరం పడొచ్చు. అన్నిటికంటే ప్రమాదమైన విషం పేరు అమటాక్సిన్. కొన్ని అమనిటాల్లో ఉంటుంది, లెపియోటా అనే చిన్న గొడుగుల్లో కొన్నిటిలో కూడా ఉంటుంది. ఉడికించినా పోదు, ఎండబెట్టినా పోదు, వేయించినా పోదు. తిన్న వెంటనే ఏమీ అవ్వదు, రాత్రి తింటే హాయిగా పడుకుంటారు, 6 నుంచి 12 గంటల తర్వాత, ఒక్కోసారి 24 గంటల దాకా కూడా ఆగి, అప్పుడు వాంతులు, నీళ్ళ విరేచనాలు, కడుపులో మెలిపెట్టడం మొదలవుతుంది. అప్పటికి రాత్రి తిన్నది ఎవరికీ గుర్తుండదు, పొద్దున తిన్న ఇడ్లీ మీదకి పోతుంది అనుమానం. ఆ తర్వాత వచ్చేది ఇంకా మోసం, రెండో రోజుకి విరేచనాలు తగ్గి మనిషి కాస్త తేరుకున్నట్టు కనపడతాడు, సెలైన్ ఎక్కించారు తగ్గింది అని ఇంటికి తీసుకొచ్చేస్తారు. లోపల కాలేయం మాత్రం పాడవుతూనే ఉంటుంది, మూడో రోజో నాలుగో రోజో కళ్ళు పచ్చబడతాయి, అప్పుడు పరిగెత్తితే డాక్టర్ల చేతిలో చాలా కొద్దిగానే మిగిలుంటుంది, కొందరికి కాలేయ మార్పిడి దాకా పోతుంది. 2022 ఏప్రిల్ లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని కొద్ది రోజుల వ్యవధిలోనే 13 మంది చనిపోయారు, ఎక్కువమంది టీ తోటల్లో పనిచేసే కుటుంబాల వాళ్ళు, పిల్లలు కూడా ఉన్నారు. అడవివి ఏరుకుని వండుకోవడం మామూలుగా జరిగే ప్రాంతం అది, కొత్తగా యూట్యూబ్ చూసి మొదలెట్టినవాళ్ళు కాదు.

అందుకని బయటి పుట్టగొడుగు తిన్నాక ఎవరికైనా తేడా చేస్తే, అది ఎంత చిన్నదైనా, ఇంట్లో మజ్జిగా నిమ్మరసమూ పెట్టుకుంటూ కూర్చోవద్దు, 108 కి కాల్ చేసి పెద్దాసుపత్రికి పోవాలి. మిగిలిన కూర, పచ్చివి ఏమైనా మిగిలుంటే అవి, పారేసిన తొక్కలు అయినా సరే, కాగితంలో చుట్టి పట్టుకెళ్ళండి. ఎన్ని గంటలకి తిన్నారు, ఎన్ని గంటలకి మొదలైంది, ఈ రెండూ డాక్టర్ కి చెప్పండి, కాలేయం టెస్టులు చెయ్యమని నోరు తెరిచి అడగండి. అదే కూర తిన్నవాళ్ళందర్నీ, బానే ఉన్నవాళ్ళని కూడా, తీసుకెళ్ళాలి. ఢిల్లీ ఎయిమ్స్ లో విషాల సమాచార కేంద్రం ఉంది, 1800 116 117, టోల్ ఫ్రీ, రాత్రీ పగలూ ఉంటుంది, మీ డాక్టర్ కూడా వాళ్ళతో మాట్లాడొచ్చు. నంబర్ ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకో.

ఇక నీ పొలంలో వచ్చిన వాటి సంగతి. మామిడి చెట్ల కింద గడ్డిలో వచ్చినవి తెల్లగా, పళ్ళెమంత వెడల్పుగా, పైన గోధుమరంగు పొలుసులతో ఉన్నాయా? కాడ చుట్టూ ఉంగరంలాంటి పొర ఉందా? అయితే అవి చాలావరకు క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అయ్యుండొచ్చు, మన దగ్గర వానాకాలంలో లాన్లలో, ఖాళీ ప్లాట్లలో, అపార్ట్‌మెంట్ గార్డెన్లలో బాగా వస్తాయి, చూడ్డానికి ఎంత అందంగా ఉంటాయంటే కూర చెయ్యాలనే అనిపిస్తుంది. చంపడం అరుదు గానీ తిన్న గంట నుంచి మూడు గంటల్లో మొదలయ్యే వాంతులు పిల్లల్ని ఆసుపత్రి పాలు చేస్తాయి. దాని గుర్తు ఏంటంటే రాల్చే పొడి ఆకుపచ్చగా ఉంటుంది, ముదిరాక టోపీ కింద రేకులు కూడా ఆకుపచ్చ బూడిదరంగులోకి తిరుగుతాయి. లేతగా ఉన్నప్పుడు మాత్రం రేకులు తెల్లగానే ఉంటాయి, లేతవి కదా మంచివి అని జనం ఏరేది కూడా అప్పుడే.

ఇది నువ్వు పాపతో కలిసి చేసి చూడొచ్చు, ముట్టుకుంటే విషం ఎక్కదు, చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు, నాలుగేళ్ళవాణ్ణి మాత్రం దూరం ఉంచు, ఆ వయసులో ఏదైనా నోట్లోకే పోతుంది. టోపీని కాడ దగ్గర కోసేసి, సగం తెల్లగా సగం నల్లగా ఉన్న కాగితం మీద రేకులు కిందకి వచ్చేట్టు బోర్లించి, పైన ఒక గిన్నె మూతేసి రాత్రంతా వదిలెయ్యి. పొద్దున్నే తీస్తే కాగితం మీద రేకుల అచ్చు గీతలు గీతలుగా పడుంటుంది, తెల్లగానో, లేత గులాబీగానో, గోధుమరంగులోనో, ఆకుపచ్చగానో. ఆ పొడే విత్తనాల పని చేస్తుంది వాటికి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఎక్కడ వచ్చింది, ఏ చెట్టు కింద, ఏ కార్తెలో, కాడ మొదట్లో ఏముంది, అచ్చు రంగేంటి అని రాసుకుంటూ పోండి. ఈ ఏడాది పుట్టగొడుగులతో నీ పని ఇంతవరకే ఉండాలని నా కోరిక, తినడం లేకుండా. రెండు మూడు వానాకాలాలు ఇట్లా చూస్తే నీ కన్నే మారిపోతుంది, అన్నీ ఒకేలా కనపడ్డ తెల్ల గొడుగులు వేరువేరుగా కనపడటం మొదలవుతుంది.

మరి నానమ్మ వండిన పుట్టకొక్కులు? అవి చెదపుట్టల్లోంచే వస్తాయి, టెర్మిటోమైసెస్ అంటారు. చెదలు పుట్ట లోపల ఆకులూ పుల్లలూ నమిలి గూడు కట్టి దాని మీద ఈ శిలీంధ్రాన్ని పెంచుకుంటాయి, వాటి తిండి అది, మృగశిర దాటి ఆరుద్ర పునర్వసు కార్తెల్లో నేల బాగా నానాక అందులోంచి పైకి పొడుచుకొస్తాయి. మనుషులు ఇంతవరకు వీటిని సాగు చెయ్యలేకపోతున్నారు, చెదలు లేకుండా రావు, అందుకే అంత గిరాకీ. పుట్టకొక్కుని తవ్వి చూడాలి, పీకకూడదు. టోపీ నడిమధ్య మొనదేలిన బొడిపె ఉంటుంది, అక్కడ రంగు కాస్త ముదురుగా, బూడిదో గోధుమో, అంచులకి వచ్చేసరికి తెల్లగా అయ్యి విచ్చుకున్నాక అంచులు చీలుతాయి. కింద రేకులు తెల్లగా, తర్వాత లేత గులాబీ. కాడ నేల దగ్గర ఆగిపోదు, అదే కిందకి వేరులాగా సన్నబడుతూ పోతుంది, సన్న కర్రతో మెల్లగా మట్టి తీస్తూ పోతే జానెడు, ఒక్కోసారి మూరెడు లోతు పోయి చెదల గూడు దగ్గర అంటుకుని ఉంటుంది. మొదట్లో సంచి ఉండదు. ఇంత స్పష్టంగా రాశాను కదా అని దీన్ని పట్టుకుని ఏరెయ్యొద్దు తమ్ముడూ, పుట్ట పక్కన వచ్చినవన్నీ పుట్టకొక్కులు కావు, ఆ పక్కనే వేరే గొడుగు కూడా మొలవొచ్చు, ఏరేటప్పుడు గంపలో ఒకటి కలిసిపోతే చాలు. చిన్నచిన్నవి నేలంతా తెల్లగా పరుచుకున్నట్టు వచ్చే రకం కూడా చెదలదే, దానికి ఆ లోతు వేరు ఉండదు, కాబట్టి కొత్తవాళ్ళకి దాని గుర్తే దొరకదు.

నీకు తినాలనుంటే ఒకటే దారి, మీ ఊళ్ళో అదే పుట్ట దగ్గర ఏటా ఏరి తన ఇంట్లో తన మనవలకి పెట్టే పెద్దమనిషి ఎవరో కనుక్కో. వాళ్ళ వెంట పో, వాళ్ళు ఏరినవి వాళ్ళు చూపించాకే తీసుకో, డబ్బులిచ్చి కొనుక్కో. ఆ పుట్ట ఒక్కటే నీ పాఠం, పక్క పొలంలో పుట్ట కాదు. తెచ్చినవి ప్లాస్టిక్ కవర్లో కట్టిపెడితే చెమ్మ పట్టి సాయంత్రానికే పాడైపోతాయి, గుడ్డ సంచీలోనో మోదుగాకుల్లోనో తెచ్చుకుని ఆ రోజే బాగా ఉడికించి తినాలి, మొదటిసారి నాలుగు ముక్కలు మించొద్దు, ఒకటి పచ్చిది ఫ్రిజ్ లో పక్కన పెట్టాలి ఏదైనా అయితే చూపించడానికి. పిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్ళకీ మాత్రం వద్దు. ఈలోపు పుట్టగొడుగు మీద మోజు తీరాలంటే ఇంట్లో ముత్యపు చిప్ప రకం పెంచు, ఉడికించి ఆరబెట్టిన వరిగడ్డి, స్పాన్ అంటే పుట్టగొడుగు విత్తనం, కన్నాలు పెట్టిన కవర్, ఇంతే, రెండు మూడు వారాల్లో గడ్డంతా తెల్లగా అల్లుకుని ఆ తర్వాత కన్నాల్లోంచి గుత్తులు వస్తాయి. ఎండాకాలంలో అయితే పాల పుట్టగొడుగు వేడికి బాగా తట్టుకుంటుంది. పిల్లలకి కూడా రోజూ చూసే సరదా.

మీ బావమరిదికి ఇప్పుడే మెసేజ్ పెట్టు, వద్దని. కాలిఫోర్నియాలో చలికాలం వానలకి ఓక్ చెట్ల కింద వచ్చే వాటిల్లో డెత్ క్యాప్ ఉంటుంది, అమనిటా ఫాలాయిడిస్, ప్రపంచంలో పుట్టగొడుగుల చావుల్లో ఎక్కువ భాగం దానివల్లే. యూరప్ నుంచి చెట్ల వేర్లతో పాటు అక్కడికి చేరింది. ఆసియా నుంచి వెళ్ళినవాళ్ళు అక్కడ మోసపోవడానికి కారణం ఏంటంటే మన వైపు వరిగడ్డి వాముల్లో వచ్చే మంచి పుట్టగొడుగుకి కూడా కింద అట్లాంటి సంచే ఉంటుంది, లేతగా గుడ్డులా ఉన్నప్పుడు రెండూ అచ్చం ఒకేలా కనపడతాయి, ఇంటి దగ్గర తిన్నదే కదా అనుకుని తినేస్తారు. ఇక్కడ నేర్చుకున్న గుర్తులు అక్కడి నేలకి పనిచెయ్యవు.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగానికి వస్తా. నీ రెండెకరాల్లో నువ్వు కలుపు అనుకుని తొక్కుకుంటూ నడుస్తున్న వాటిల్లో సగం మా ఇళ్ళల్లో కూరలు. గంగవాయిలి, చెంచలి, గునుగు, తుమ్మి, పొన్నగంటి, చిలక తోటకూర, ఇంకా ఎన్నో. నువ్వు మాత్రం ఒకేసారి పది పట్టుకోవద్దు. ఈ వానాకాలానికి ఒక్క గంగవాయిలి చాలు, పాయలకూర అని కూడా అంటారు. ఎందుకు అదే అంటే పొలంలో, పూలకుండీలో, కొంపల్లిలో మీ ఇంటి గేటు పక్కన పగుల్లో కూడా వస్తుంది, దాన్ని మొలక నుంచి గింజ దాకా రోజూ చూడొచ్చు.

దగ్గరగా కూర్చుని చూడు. ఒకే చోటు నుంచి కొమ్మలు నాలుగు వైపులా నేల మీద పాకుతాయి, కాడ నున్నగా ఎర్రగా, ఆకులు దళసరిగా చిన్న చెంచా ఆకారంలో, కొస దగ్గర వెడల్పు. కొమ్మ విరిస్తే నీళ్ళలాంటి రసం వస్తుంది. పొద్దున ఎండ పడ్డాక చిన్న పసుపు పువ్వు విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. కాయ ముదిరితే పైన చిన్న మూత ఊడి లోపల నల్లటి సన్న గింజలు ఆవాల్లో పదో వంతు లేనివి కనపడతాయి. నమిలితే పులుపు, తెల్లవారుజామున కోసిన దానికి పులుపు ఎక్కువ, రాత్రంతా ఆకులో పులుపు పదార్థం పోగవుతుంది కాబట్టి. ఇప్పుడు దాని పక్కనే ఇలాగే ఎర్ర కాడతో నేల మీద పాకే ఇంకోటి ఉంటుంది, నానుబాలు, ఆకు పల్చగా ఉంటుంది, విరిచిన చోట తెల్లగా పాలు కారతాయి. పాలు కారిందా, ఆ కొమ్మ కిందపడేసి చెయ్యి కడుక్కో, కంట్లో పెట్టుకోవద్దు. ఇంకోటి తెల్ల గలిజేరు జాతిది, ఆకు కాస్త గుండ్రం, జంట ఆకుల్లో ఒకటి పెద్దది ఒకటి చిన్నది, పువ్వు తెల్లగానో గులాబీగానో ఆకు మొదట్లో దూరి ఉంటుంది. లేతగా ఉన్నప్పుడు కొందరు వండుతారు, నువ్వు ఈ ఏడాది వదిలెయ్యి. ప్రతి గుప్పెడూ ఏరి కొమ్మకొమ్మా విరిచి చూసి గిన్నెలో వెయ్యి, కట్టకట్టి ఒకేసారి కోయొద్దు.

అది పూర్తిగా చేతికి వచ్చాక, కళ్ళు మూసుకున్నా తడిమి చెప్పగలిగాక, రెండోది పట్టుకో. వినాయక చవితికి తుమ్మికూర తినే అలవాటు మీ ఇంట్లో ఉంటే తుమ్మి పట్టుకో, నాలుగు పలకల కాడ, కణుపుల దగ్గర గుండ్రంగా తెల్ల పూలు, చుట్టూ తేనెటీగలు. బతుకమ్మకి కోసే గునుగు అందరికీ తెలుసు కానీ అదే మొక్క లేతగా, పువ్వు రాక ముందు మంచి కూర అని సిటీలో చాలామందికి తెలీదు. కిందటేడు పువ్వు కోసిన చోటు గుర్తుంటే ఈ జూలైలో అక్కడే లేత మొక్కలు వెతుక్కోవచ్చు, ఇంతకంటే భరోసా ఏముంటుంది.

నేర్పేవాళ్ళెవరు అంటే, మీ పొలంలో కలుపు తీయడానికి వచ్చే ఆడవాళ్ళు. వాళ్ళు సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు కొంగులో కట్టుకుపోయేది ఏంటో అడుగు. ఒకామెని ఒక పూట కూలి ఇచ్చి, కలుపుకి కాకుండా నీకు చూపించడానికే పిలువు, మీ ఆవిడ కూడా పక్కన ఉంటే ఇంకా బాగా చెప్తారు, వండే పద్ధతి కూడా చెప్తారు. మీకు దగ్గరే, జహీరాబాద్ పక్కన పస్తాపూర్ లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఈ సాగు చెయ్యని ఆకుకూరల మీద ఏళ్ళ తరబడి పని చేశారు, చాలావరకు దళిత కుటుంబాల వాళ్ళు, కరువులో ఈ ఆకులే వాళ్ళ ఇళ్ళని నిలబెట్టాయి. ఆ జ్ఞానం వాళ్ళది, మనం ఫ్రీగా తీసుకుని మనదని వీడియో పెట్టుకోవడం నాకు అస్సలు నచ్చదు, ఈ మాట కాస్త గట్టిగానే చెప్తున్నా.

జాగ్రత్త పడాల్సినవి కొన్ని ఉన్నాయి ఆకుల్లో కూడా. పెంట కుప్పల దగ్గర తోటకూర బాగా వస్తుంది, అక్కడే ఉమ్మెత్త కూడా మొలుస్తుంది, లేత మొక్కలప్పుడు ఆకు కలిసిపోతుంది, ఉమ్మెత్త ఆకు నలిపితే వెగటు వాసన. అది కూరలో పడితే నోరు పిడచకట్టుకుపోవడం, కంటిపాప పెద్దదవడం, ఒంటరిగా ఏదేదో మాట్లాడటం, ఇవి కనపడగానే ఆసుపత్రే. తంటెం అని కొందరు లేతాకు వండుతారు, దాని అన్నలాంటి మొక్క కసివింద, ఇది పిల్లలున్న ఇంట్లో తప్పక తెలిసుండాలి. 2016 లో మన అల్లూరి జిల్లా పక్కనే ఉన్న ఒడిశా మల్కన్‌గిరిలో చాలామంది గిరిజన పిల్లలు చనిపోయారు, ముందు మెదడువాపు అనుకున్నారు, తర్వాత చూసిన నిపుణుల బృందం కసివింద గింజలు తినడం వైపు వేలు చూపింది. తంటేనికి ఆకు రెమ్మలు మూడు జతలు, కొసలు గుండ్రం, కాయ సన్నగా పొడుగ్గా వంపు తిరిగి. కసివిందకి నాలుగు నుంచి ఆరు జతలు, కొసలు మొనదేలి, కాయ బల్లపరుపు. పిల్లలు ఆడుకునే చోట కసివిందా, అడవి ఆముదమూ ఉంటే పీకించెయ్యి. కంచె మీద కాసే కాకర దోస జాతి కాయలు ఏవైనా సరే, బోడకాకర అని నమ్మకంగా తెలిస్తే తప్ప వద్దు, కొరికిన ముక్క విపరీతంగా చేదుంటే ఉమ్మెయ్యాలి, మింగకూడదు. దుంపల జోలికి అసలు పోవద్దు, అడవి గెడ్డల్ని కోసి ఉడికించి పారే నీళ్ళలో పెట్టి తినే విద్య చెంచులకీ కోయలకీ తెలుసు, మనకి తెలీదు, నాభి దుంప ఒక్కటి వచ్చినా ప్రాణం మీదకొస్తుంది.

మొక్క సరైనదే అయినా చోటు సరైనది కాకపోతే తినకూడదు. పత్తి చేలల్లో కలుపు మందు కొట్టడం ఇప్పుడు మామూలైపోయింది, పక్క చేను వాళ్ళని అడక్కుండా గట్టు మీద ఆకు ముట్టొద్దు, కొసలు మెలితిరిగిన, ఒక్కసారిగా పసుపుబారిన మొక్కలు కనపడితే ఆ ప్రాంతమే వదిలెయ్యి. హైవే పక్కన, డ్రైనేజీ పారే చోట, మూసీ నీళ్ళు తగిలే చోట పొన్నగంటి ఎంత నిగనిగలాడుతున్నా కోయొద్దు, సీసం లాంటివి కడిగితే పోవు. అనంతగిరి వైపు రిజర్వ్ ఫారెస్ట్ లోకి సంచీ పట్టుకుని పోవడం కూడా వద్దు, కేబీఆర్ పార్కులాంటి నేషనల్ పార్కుల్లో, అమ్రాబాద్ కవ్వాల్ టైగర్ రిజర్వుల్లో ఆకు తెంపినా నేరమే. 2006 అటవీ హక్కుల చట్టం అడవిలో దొరికేవి ఏరుకునే హక్కు ఇచ్చింది అడవిని నమ్ముకుని అక్కడే బతికేవాళ్ళకి, నీకు నీ రెండెకరాలు ఉంది కదా, అది చాలు.

ఆదివారం పోయినప్పుడు చిన్న కత్తెర, గుడ్డ సంచీ, నోట్‌బుక్. గంగవాయిలి లేత కొసలు మాత్రం, ఒక్కో మొక్కలో మూడో వంతు మించకుండా కోసి, మూడు నీళ్ళలో కడిగి, దళసరి ఆకుల మధ్య ఇసుక ఇరుక్కుంటుంది కాబట్టి ఇంకోసారి కడిగి, కందిపప్పు ముప్పావు ఉడికాక వేసి, చింతపండు మామూలు కంటే తక్కువ వేసి, ఎండుమిర్చి వెల్లుల్లి పోపు పెట్టండి. మొదటి రోజు తలా రెండు గరిటెలు, పిల్లలకి ఒక్క ముద్ద, అంతకంటే వద్దు, కొత్త ఆకు ఏదైనా ఒంటికి పడుతుందో లేదో చూడాలి.

నాన్నగారికి మాత్రం గంగవాయిలి పెట్టొద్దు. అందులో ఆక్సలేట్ ఎక్కువ, పాలకూరలో ఉన్నట్టే, మన దగ్గర ఎక్కువగా కనపడే కిడ్నీ రాళ్ళు కాల్షియం ఆక్సలేట్ వే. తోటకూర జాతివి కూడా అంతే. ఉడికించి నీళ్ళు పారబోస్తే, పెరుగుతో కలిపితే కొంత తగ్గుతుంది గానీ ఒకసారి రాయి వచ్చిన మనిషి దగ్గర ఆ ప్రయోగం మనం చెయ్యకూడదు, ఆయనది ఏ రకం రాయో రిపోర్ట్ చూసి యూరాలజిస్ట్ చెప్పాలి, ఆయన్ని అడిగాకే. ఆ రోజు ఆయన కంచంలోకి బీరకాయో సొరకాయో వేరేగా చెయ్యండి, పప్పు మాత్రం ఆకు వెయ్యక ముందే కొంచెం తీసి పక్కన పెడితే సరిపోతుంది.